పాత సైకిలూ, ఘాటు దారీ

పాత సైకిలు కొనేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు: ఎంతకిస్తారు, ఏ కంపెనీది. మైదానంలో ఈ రెండూ చాలునేమో. అరకు లోయలో మాత్రం వీటికంటే ముందు అడగవలసినవి వేరే రెండున్నాయి. ఈ బండి ఆగుతుందా? చెడిపోతే ఇక్కడ బాగుచేసేవారున్నారా? వీటికి సమాధానం దొరకని సైకిలు ఉచితంగా వచ్చినా ఖరీదైనదే అని నా నిశ్చితాభిప్రాయం.

ఈ ప్రసక్తికి కారణముంది. 2020లో కరోనా లాక్‌డౌను తరువాత పట్టణాలలో సైకిళ్ళకు గిరాకీ పెరిగింది. సన్నని టైర్లు, వంపు తిరిగిన హ్యాండిలు, గేర్లు గల ‘రోడ్డు బైకు’లను ఎందరో ఉత్సాహంగా కొన్నారు. ఉత్సాహం చల్లారిన ఇళ్ళలో అవి మెట్ల కింద దుమ్ము పట్టి, చివరికి చవక బేరానికి వస్తాయి. ఏజెన్సీ కుర్రవాళ్ళకు వాటిపై మోజు కలగడం సహజం. ఆ మోజులో న్యాయం కూడా ఉంది. మన పాతకాలపు నల్ల సైకిలు ఇంచుమించు ఇరవై కిలోల బరువు; ఈ బండి అందులో సగం. ఎత్తు ఎక్కేవాడికి ఆ తేడా ఎంతటిదో పిక్కలే చెబుతాయి. కనుక కొనవద్దని నేననను. ఏమి చూసి కొనాలో, దేనికి ముందు ఖర్చు పెట్టాలో చెప్పదలిచాను.

మొదట బ్రేకులు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగే ఘాటు రోడ్డు నిండా మలుపులే. మనిషి, బండి కలిపి 80 కిలోలనుకుందాం. 800 మీటర్లు కిందికి దిగేటప్పుడు వెలువడే శక్తి రెండు లీటర్ల చన్నీళ్ళను మరిగించగలదు. గాలి కొంత పంచుకున్నా, మిగిలిన దానిలో ఎక్కువ భాగాన్ని బొటనవేలంతేసి నాలుగు రబ్బరు ముక్కలు, రెండు రిమ్ములు భరించాలి. ఏళ్ళ తరబడి మూలన పడి రాయిలా గట్టిపడిన రబ్బర్లు ఈ పని చేయలేవు. చూడడానికి అరగనట్లే ఉంటాయి; అదే మోసం. కాబట్టి బండి ఇంటికి రాగానే నాలుగు రబ్బర్లూ, రెండు బ్రేకు వైర్లూ మారుద్దురుగాక. రంగు, సీటు, అలంకారాలు తరువాత.

రిమ్మును అయస్కాంతంతో పరీక్షించండి. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం. తడిసిన ఉక్కు రిమ్ము మీద రబ్బరు పట్టు దారుణంగా తగ్గిపోతుంది. వానలు, మంచు విడువని ఈ కొండలలో అల్యూమినియం రిమ్ము విలాసం కాదు, అవసరం.

తరువాత ఫ్రేము. కొత్తగా రంగు పూసిన పాత బండిని నేను అనుమానంగానే చూస్తాను. హ్యాండిలు కింద రెండు గొట్టాలు కలిసే చోట రంగు ఉబ్బినా, ముడత పడినా, వెంట్రుకవంటి గీత కనిపించినా ఆ బేరం వదిలేయండి. ముందు ఫోర్కు వెనక్కి వంగి ఉంటే అది ఎక్కడో గుద్దుకున్న బండి. ‘వెల్డింగు పెట్టిస్తే పోతుంది’ అని అమ్మేవారు ధైర్యం చెబుతారు. ఉక్కు గొట్టానికి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. అల్యూమినియం గొట్టాన్ని రోడ్డు పక్క కొట్లో అతికిస్తే ఆ అతుకును నమ్మి ఘాటు దిగడం ప్రాణంతో పందెం కాయడమే.

ఇక రెండవ ప్రశ్న. సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారాన్ని 2020 జూన్ 3న ఆపివేసింది. అది ప్రపంచ సైకిలు దినం కావడం విధి వైపరీత్యం. అయినా ఆ కంపెనీ పాత బండ్లు నడుస్తూనే ఉన్నాయి. ఎందుకంటే మన నల్ల సైకిళ్ళ భాగాలు దాదాపు అన్నీ ఒకే కొలతవి. ఒక కంపెనీ బండికి మరొక కంపెనీ సరుకు అమరుతుంది. రోడ్డు బైకుకు ఆ సౌలభ్యం లేదు. నల్ల సైకిలు 28 అంగుళాల టైరు పక్కన 635 అనీ, రోడ్డు బైకు టైరు మీద 622 అనీ అంకెలుంటాయి. పైకి రెండూ ఒకటిగానే కనబడతాయి. కాని ఆ పదమూడు మిల్లీమీటర్ల తేడా వల్ల ఒకదాని టైరు రెండవదానికి ఎక్కదు. టైరు చీలితే నూరు కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న విశాఖపట్నం నుండి తెప్పించుకోవాలి. అందువల్ల ఒక అదనపు టైరు, రెండు ట్యూబులు, ఒక గేరు వైరు ఇంట్లో ఉంచుకొనే స్తోమత లేనివారు నల్ల సైకిలునే ఆశ్రయించడం వివేకం. అది నామోషీ కాదు.

గేర్ల విషయంలో ఒక్క మాట. ముందు 42 పళ్ళు, వెనుక 28 పళ్ళు ఉంటే ఒక తొక్కుడుకు చక్రం ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. వెనుక 34 పళ్ళది వేస్తే సుమారు ఒకటింబావు చుట్టే తిరుగుతుంది. వేగం తగ్గి ఎక్కడం సులువవుతుంది. గేరు మార్చే యంత్రం అంత పెద్ద పళ్ళచక్రాన్ని అందుకోగలదో లేదో ముందుగా విచారించుకోవాలి.

కనుక చేతిలో ఆరు వేలుంటే నాలుగు వేలకు మించి బండికి పెట్టవద్దు. తక్కిన రెండు వేలూ బండి ధరలో భాగమే. అవి చెల్లించనిదే కొనుగోలు పూర్తి కాలేదని భావించండి.

ఈ భారమంతా కొనేవాడి మీదనే మోపడం భావ్యమా అని మిత్రులు అడగవచ్చు. కాదు. ఏజెన్సీలో గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలున్నాయి. వాటిలో తొమ్మిదవ తరగతి పిల్లలకు వారానికి ఒక్క గంట పంచరు వేయడం, బ్రేకు బిగించడం, రిమ్ము బెండు తీయడం నేర్పితే ఒక్క ఏడాదిలో ఊరికొక మరమ్మతు చెయ్యి తయారవుతుంది. సంధులూ సమాసాలూ బోధించిన వాడినే ఈ మాట అంటున్నాను: విడిపోయినదాన్ని సరిగా కలపడం కూడా విద్యే. కొండ మీద పిల్లవాడికి ఆ విద్య ఏ నాడు ప్రాణం నిలుపుతుందో చెప్పలేము.