ట్రాక్టరు నిలిచినచో ముందు రైతే చూడవలెను

తొలకరి వాన పడిన తరువాత నేలలో పదును ఎక్కువ దినములు నిలువదు. సరిగా ఆ దినములలోనే ట్రాక్టరు మొరాయించినచో మన రైతు సోదరులు చేయు మొదటి పని మెకానిక్కుకు ఫోను చేయుట. అతనికి ఆ వేళ చుట్టుప్రక్కల గ్రామములన్నిటినుండి పిలుపులే. అతడు వచ్చునప్పటికి పదును ఆరిపోవును. వచ్చిన పిదప తేలునది తరచు చిన్న విషయమే: డీజిలు గొట్టము మర వదులై గాలి చొరబడుటయో, బ్యాటరీ టెర్మినళ్ళకు చిలుము పట్టుటయో.

జబ్బు కనుగొనుట వేరు, వైద్యము చేయుట వేరు. రెండవది మెకానిక్కు పని. మొదటిదానిలో సగమైనను రైతు పని అని నా అభిప్రాయము. ఎద్దు మేత మానినచో నెమరు వేయుచున్నదా, పేడ ఎట్లున్నది అని చూచియే గదా పశువైద్యునికి చెప్పుదుము! ట్రాక్టరు విషయములో మాత్రము "ఆగిపోయినది" అను ఒక్క మాటతో సరిపెట్టుచున్నాము.

డీజిలు ఇంజను బాధ పొగలో తెలియును. బరువు పడినపుడు క్షణకాలము నల్లపొగ వచ్చుట సహజము. ఎడతెగక వచ్చుచున్నచో డీజిలుకు తగిన గాలి అందుటలేదని గాని, బరువు మించినదని గాని అర్థము. ముందు ఎయిర్ క్లీనరు చూడవలెను. నూర్పిడి దినములలోను, మెట్టదుక్కిలోను నూనె గిన్నె గల క్లీనరును ప్రతిదినము చూచి, నూనె బురదవలె చిక్కబడినచో మార్చవలెను. పిదప దుక్కి లోతు తగ్గించి చూడవలెను. అప్పటికిని పొగ తగ్గనిచో నాజిళ్ళను అనుమానింపవచ్చును. నీలిపొగ ఇంజను ఆయిలు మండుచున్నదనుటకు గుర్తు. ఆయిలు అధికముగా పోసినను ఇట్లు వచ్చును గనుక తొందరపడి రింగులు పోయినవనరాదు, డిప్‌స్టిక్కు చూడవలెను. చలి ఉదయమున కొద్దిసేపు తెల్లపొగ వచ్చినచో భయము లేదు. ఇంజను వేడెక్కిన పిదపను వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో ఆ నీరు ఇంజనులోనికి పోవుచుండవచ్చును. డిప్‌స్టిక్కుపై ఆయిలు పాలు కలిపిన కాఫీవలె కనుపించినచో ఇంజను స్టార్టు చేయనేరాదు.

ఇంజను కాగిపోవుచున్నచో రేడియేటరు రెక్కలలో చిక్కిన నూగును, ఫాన్ బెల్టు బిగువును చూచిన చాలావరకు తెలియును. వేడిగానున్న రేడియేటరు మూత మాత్రము తీయరాదు. ఆయిలు ప్రెషరు దీపము వెలిగినచో "ఈ చాలు ముగింతము" అనక ఆ నిమిషమే ఆపవలెను.

సెల్ఫ్ తిరుగనిచో హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టుడు. దీపము మసకబారినచో బ్యాటరీలో బలము లేదు, లేదా టెర్మినళ్ళు వదులు. కారుకును ఇదియే పరీక్ష. దీపము తగ్గకనే యున్నచో క్లచ్చి పూర్తిగా నొక్కితిరా, గేరు న్యూట్రలులో నున్నదా చూడుడు; అవి సరిగా లేనిదే సెల్ఫ్ తిరుగని ట్రాక్టర్లు కలవు.

ఇంతవరకే మన హద్దు. నాజిలునుండి వెలువడు డీజిలు చర్మమును చీల్చుకొని పోగలదు. చేయి అడ్డుపెట్టి పరీక్షించుట ప్రాణాంతకము. 2023 జనవరి 1 నుండి 50 హార్స్‌పవరు మించిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 నిబంధన అమలులోనికి వచ్చినది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో డీజిలు అందు ఇంజనులపై పాత ట్రాక్టరునాటి గాలితీత విద్య ప్రయోగింపరాదు. డాష్‌బోర్డుపై కనుపించు కోడును వ్రాసికొని కంపెనీ మెకానిక్కుకు చెప్పవలెను.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో నెలకొల్పిన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ కలదు. కాని ప్రతి రైతును అచ్చటికి పంపజాలము. గ్రామాధికారులకు నా మనవి ఏమనగా, ఊరిలో యంత్ర శిక్షణ జరుపునపుడు తళతళలాడు కొత్త ట్రాక్టరుకు బదులు పొగలు క్రక్కుచున్న పాతదానిని తెప్పించుడు. యజమానులనే గాక జీతపు డ్రైవర్లను కూడ పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. దినమంతయు ఆ పొగను చూచువారు వారే.