కెమెరాకు అనుమతి సరే, ప్రశ్నకో?

పాపికొండలు తెలుగు సినిమాకు పాత చుట్టాలు. గోదావరి మలుపు, లాంచీ, రెండు పక్కలా కొండలు. ఈ దృశ్యాన్ని ఎన్ని పాటల్లో చూశామో లెక్కలేదు. అక్కడే బతికే కొండరెడ్లు, కోయలు మాత్రం తెరమీద కనిపించరు. కనిపించినా హీరో వెనక చిందేస్తూ కనిపిస్తారు. 2008లో ఈ కొండలను జాతీయ పార్కుగా ప్రకటించారు. ఇప్పుడు లోపల షూటింగ్ చేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఆ అనుమతి దేన్ని చూసి ఇస్తున్నారన్న దగ్గరే మా పేచీ.

చట్టం ఏం చెబుతోంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఫొటోగ్రఫీకి ప్రవేశ అనుమతి ఇవ్వొచ్చు. జాతీయ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. 2022 సవరణలో ఫొటోగ్రఫీ పక్కన సినిమా చిత్రీకరణనూ చేర్చి, అడవి ఆవాసాన్ని మార్చకూడదు, ఆవాసానికీ వన్యప్రాణులకూ హాని చేయకూడదు అన్నారు. న్యాయమైన షరతే. రాత్రిపూట లైట్లు, డ్రోన్లు, వందమంది యూనిట్‌ను ఎవరు కోరుకుంటారు? కానీ అటవీశాఖ పరువుకు భంగం కలగకూడదని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. అయితే అదే సెక్షన్ రుసుము, షరతులు పెట్టే వీలు కూడా ఇచ్చింది. స్క్రిప్టు చూపించు, సినిమా ముందు మాకు చూపించు అనే పద్ధతి ఆ సందులోంచే దూరుతుంది.

అది ఎంతదూరం పోతుందో 2017లో చూశాం. అస్సాంలోని కాజీరంగాలో ఖడ్గమృగాల రక్షణ పేరుతో మనుషులను కాల్చి చంపడం మీద బీబీసీ ఒక డాక్యుమెంటరీ తీసింది. 2016లో అటవీ సిబ్బంది తూటాకు కాలు దెబ్బతిన్న ఏడేళ్ల ఆదివాసీ పిల్లవాడి కథ అందులో ఉంది. ముందుగా తమకు చూపించలేదని, అనుమతికి ఇచ్చిన సారాంశానికీ సినిమాకూ పొంతన లేదని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ అభ్యంతరం చెప్పింది. ఏప్రిల్‌లో దేశంలోని జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో బీబీసీ షూటింగ్‌పై అయిదేళ్ల నిషేధం పడింది. ఆ సినిమాలో తప్పులుంటే ఖండించవచ్చు, లెక్కలు బయటపెట్టవచ్చు. గేటు మూయడం జవాబు కాదు.

ఇంకో తేదీ కూడా గుర్తుపెట్టుకోవాలి. నిషేధానికి కొద్దిరోజుల ముందే, 2017 మార్చి 28న, అదే సంస్థ పులుల కీలక ఆవాసాల్లో అటవీ హక్కుల చట్టం కింద హక్కులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. ఏడాదిపాటు గొడవయ్యాక 2018 మార్చిలో వెనక్కి తీసుకుంది. అడవి మనిషికి పట్టా వద్దు, అతని మాట బయటికి తెచ్చే కెమెరా వద్దు. రెండూ వేర్వేరు ఫైళ్లే కావచ్చు, మాకు ఒకే చేతిరాత కనిపిస్తోంది.

2024 జూన్‌లో మళ్లీ ఉత్తరం వచ్చింది. పులుల కీలక ప్రాంతాల్లోని 591 గ్రామాలు, 64,801 కుటుంబాల తరలింపును వేగం చేయాలన్నారు. నల్లమలలో అమ్రాబాద్ చెంచు పెంటల్లోనూ ఈ తరలింపు మాటే నడుస్తోంది. ‘స్వచ్ఛందంగా’ వెళ్తున్నారంటున్నారు. గ్రామసభలో ఎవరేం మాట్లాడారో రికార్డు కావాల్సింది ఇప్పుడే. అడవి అంచున బతికే దళితులకూ ఇది పరాయి గొడవ కాదు. వాళ్లు హక్కు అడిగితే 75 ఏళ్ల నివాసానికి రుజువు తెమ్మంటారు. ముసలివాళ్ల నోటిమాటను కెమెరాలో దాచుకోకపోతే రేపు ఏ కాగితం చూపిస్తారు?

షూటింగ్ అనుమతిలో గ్రామసభకు అసలు చోటే లేదు. సినిమా యూనిట్ వాళ్ల ఇళ్లను సెట్టుగా వాడుకున్నా సరే అనాల్సింది వార్డెనే. అడవికి హాని ఉందా లేదా అటవీశాఖ తేల్చాలి. ఊరి మనుషులను, ఇళ్లను చిత్రీకరించాలంటే ఊరిని అడగాలి. కథ ఏమిటన్నది ఇద్దరికీ సంబంధం లేదు.

అప్పటిదాకా కెమెరా పట్టుకుని వెళ్లే విద్యార్థులు దరఖాస్తులో 28వ సెక్షన్‌ను, 2022 సవరణను పేర్కొనండి. నోటిమాటగా కాదంటే రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే ఏ షరతు కింద ఆపారో, అదే ఏడాది ఏయే సినిమాలకు ఎంత రుసుముతో అనుమతిచ్చారో సమాచార హక్కు కింద అడగండి. ఇంకో మాట. 28వ సెక్షన్ మాట్లాడేది ప్రధానంగా లోపలికి వెళ్లడం గురించి. ఆ లోపలే పుట్టిన కొండరెడ్డి కుర్రాడు తన పెరట్లో నిలబడి సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తుంటే, ఏ ప్రవేశానికి అనుమతి అడుగుతారో చెప్పమనండి.