కంపెనీవాడు ఊరికే పెట్టాడా?

ఇక్కడ డాలస్‌లో మావాడు తన మస్టాంగ్ కన్వర్టిబుల్‌కి లావుపాటి ఎగ్జాస్ట్ పైపు కొన్నాడు. అది అడుగున ఉన్న బ్రేస్‌కి తగులుతోందట, బ్రేస్ పీకేస్తానన్నాడు. కంపెనీవాడు ఊరికే పెట్టాడా అని అడిగాను. పైకప్పు లేని కారు గుంతలో పడితే బాడీ మెలితిరుగుతుంది. దాన్ని బిగపట్టి ఉంచేవి ఆ కమ్మీలే. పోనీ గ్రైండరుతో కాస్త కోస్తాడట! కోస్తే బలం పోదూ? నన్నడిగితే వంపు మార్చాల్సింది పైపుకే. అదీ కాస్త సందు వదిలి. పైపు రబ్బరు హ్యాంగర్లకు వేలాడుతూ ఇంజనుతో పాటు ఊగుతుంది, వేడికి సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తగలనిది రోడ్డెక్కాక టకటకలాడుతుంది. వాళ్ల నాన్నయితే అసలా పైపే దండగంటారు. చివరికి షాపులో వంపు మార్పించాడు. బ్రేస్ ఉన్నచోటే ఉంది. ఆ మోతకి పక్కింటావిడ ఏమంటుందో ఇంకా తెలీదు.