నాన్నకీ ఒక కిటికీ సీటు

మన క్లాసులో ఎవర్ని కదిపినా యూరప్‌లో ఓ అక్కో, బావో, సీనియరో ఉంటారు. ఎమ్మెస్ అయ్యేలోపు అమ్మానాన్నల్ని పిలిపించి నాలుగు ఊళ్లు చూపించాలని వాళ్లందరికీ ఉంటుంది. వీసాల గొడవ తీరగానే ఇంట్లో ఇంకో గొడవ మొదలవుతుంది: అక్కడ కారు అద్దెకి తీసుకోవాలా, రైళ్లలో తిరగాలా? మా ఇంట్లో ఇప్పుడు అదే నడుస్తోంది. మ్యూనిక్‌లో అక్క, గుంటూరులో అమ్మా నాన్నా, హాస్టల్లో నేను. వాట్సాప్ గ్రూపులో ఉన్నది నలుగురమే, అభిప్రాయాలు మాత్రం అయిదు. నేను రైలు పక్షం. ఎందుకో చెప్తాను.

ముందు కారు పక్షం వాదన న్యాయంగా ఒప్పుకోవాలి. నలుగురు మనుషులు, నాలుగు పెద్ద సూట్‌కేసులు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. స్టేషన్లో ప్లాట్‌ఫారం మారాలంటే మెట్లు, లిఫ్ట్ కోసం వెతుకులాట. జర్మనీ రైళ్ల ఆలస్యాల మీద అక్కడివాళ్లే జోకులేసుకుంటున్నారు. పైగా టికెట్లు ముందుగా కొనకపోతే ధర చూసి గుండె ఆగుతుంది. నలుగురికీ పంచితే కారే చవక అని నాన్న లెక్క. లెక్క తప్పని నేననను.

కానీ ఆ లెక్కలో ఒక వరస రాయలేదు. నడిపేదెవరు?

అక్క నడుపుతుందని అందరం అనుకున్నాం. కుదరదు. జర్మనీలో స్థిరపడిన ఆరు నెలల వరకే మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది. ఆ తర్వాత వాళ్ల రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసై జర్మన్ లైసెన్సు తెచ్చుకోవాల్సిందే. అక్క వెళ్లి ఏడాదిన్నర అయింది. నాకు ఇరవై ఏళ్లు. చాలా కంపెనీలు ఇరవై ఒకటి నిండనివాళ్లకి కారు ఇవ్వవు, పాతికలోపు వాళ్ల దగ్గర అదనంగా రుసుం తీసుకుంటాయి. అమ్మకి లైసెన్సే లేదు. ఇక మిగిలింది నాన్న. ఆర్టీవో ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకుంటే ఏడాది పాటు చెల్లుతుంది. కాగితాల వరకు అంతా సరే.

రోడ్డు సంగతి వేరు. అక్కడ కుడివైపున నడపాలి. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. మన కార్లలో ఇండికేటర్ ఉండే చోట అక్కడ వైపర్ ఉంటుంది, అంటే మలుపు తిరిగినప్పుడల్లా ఎండలో వైపర్లు ఆడతాయి. ఇది నవ్వుకునే విషయం. ఇటలీలో జెడ్‌టీఎల్ అనేది నవ్వుకునేది కాదు. ఫ్లోరెన్స్, రోమ్ లాంటి పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి లేని బళ్లు రాకూడని వీధులుంటాయి. ఆపడానికి పోలీసు ఉండడు, కెమెరా ఉంటుంది. ఎన్నిసార్లు దూరితే అన్ని జరిమానాలు. మనం ఇల్లు చేరిన నెలల తర్వాత ఉత్తరం వస్తుంది. మన వివరాలు అందించినందుకు అద్దె కంపెనీ విడిగా ఓ రుసుం వేస్తుంది.

ఖర్చుల జాబితా రోజు అద్దెతో ఆగదు. స్విట్జర్లాండ్ హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల స్టిక్కర్ కొనాలి. ఒక్క రోజు వెళ్లినా ఏడాది స్టిక్కరే. ఇటలీ, ఫ్రాన్స్‌లలో టోల్ గేట్లు. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలేస్తే దానికి వేరే ఛార్జీ. క్రెడిట్ కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేస్తారు, ఆ కార్డు నడిపేవారి పేరు మీదే ఉండాలంటారు. ఇంత చేసి వెనిస్ వెళ్తే కారు ఊరి అంచున పార్కింగులో వదిలేయాలి. జెర్మాట్ వెళ్తే టేష్‌లో ఆపి రైలెక్కాలి.

ఇవన్నీ ఒకెత్తు. నా అసలు అభ్యంతరం వేరే. మేం అరకు వెళ్లాం, శ్రీశైలం వెళ్లాం, తిరుమలకి లెక్కలేనన్ని సార్లు వెళ్లాం. ప్రతిసారీ నడిపింది నాన్నే. మేం ముగ్గురం లోయలు చూసి "అబ్బ!" అంటుంటే ఆయన ముందున్న లారీ వెనకభాగం చూశారు. ఫోన్లో వెతికితే ఆ ఫొటోల్లో ఆయన ఎక్కడో తప్ప దొరకరు. ఆయనెప్పుడూ అడగలేదు, మేమూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంత డబ్బు పోసి, బహుశా జీవితంలో ఒక్కసారి వెళ్లే ప్రయాణంలో కూడా ఆల్ప్స్ కొండల మధ్య ఆయన నావిగేషన్ బాణం గుర్తునే చూడాలా? మ్యూనిక్ నుంచి వెనిస్‌కి బ్రెన్నర్ కనుమ మీదుగా రైలుంది. అందులో ఆయన ఊరికే కూర్చోవచ్చు. పులిహోర డబ్బా విప్పి తినొచ్చు.

అలాగని కారే వద్దని మొండికేయను. ఐస్‌లాండ్‌లో అసలు రైళ్లే లేవు. టస్కనీ పల్లెల్లోనో, స్కాట్లాండ్ కొండల్లోనో బస్సు కోసం కూర్చుంటే రోజు గడిచిపోతుంది. అలాంటిచోట రెండు రోజులు తీసుకుని తిరిగి ఇచ్చేయాలి. స్కాట్లాండ్‌లో అయితే మనలాగే ఎడమవైపు నడుపుతారు కూడా. పెద్ద ఊరి నుంచి పెద్ద ఊరికి మాత్రం రైలే. బవేరియా లోపల తిరగడానికి అయిదుగురి దాకా ఒకే డే టికెట్ దొరుకుతుంది, దాంతో సాల్జ్‌బర్గ్ కూడా వెళ్లి రావచ్చు. మెట్ల సమస్యకి నా మందు ఒకటే: సామాను సగం తగ్గించడం. మ్యూనిక్‌లో అక్క గది ఉంది, పెద్ద సూట్‌కేసులు అక్కడే ఉంచి తలా ఓ బ్యాగుతో బయల్దేరితే చాలు.

మీ ఇంట్లోనూ ఈ చర్చ వస్తే అద్దె ఎంత అని తర్వాత అడగండి. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుందో ముందు అడగండి. ఆ మనిషికి కూడా అది సెలవే.