పరీక్ష కొఱకా, భాష కొఱకా?

మార్చి మాసము వచ్చుసరికి గోరంట్లలో ఎండలు ముదురును. పదవ తరగతి విద్యార్థులకు ప్రభుత్వ పరీక్షలును అప్పుడే వచ్చును. ఆ దినములలో సాయంకాలమున వీధి వెంట నడచినచో, అరుగులమీద బాలబాలికలు ఆంగ్ల పాఠముల ప్రశ్నలకు సమాధానములు వల్లెవేయుట వినబడును. వారి చేతులలో నుండునది తఱచుగా వాచకము కాదు, గైడు.

ఆ పిల్లలను నిందింపరాదు. ఈ సీమలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుసెనగ పంట చెడిన యేట కూలికై బెంగుళూరు పోవు తల్లిదండ్రులు పెక్కుమంది. బిడ్డ పరీక్షలో తప్పకున్న చాలునని వారి కోరిక. కావున “ముందు మార్కులు రానిండు, అర్థము తరువాత చూచుకొందము” అను మాట న్యాయముగనే తోచును. ఐనను అది మేలైన త్రోవ కాదని నా యభిప్రాయము.

మొదట, పరీక్షయే ఆ త్రోవకు అనుకూలము కాదు. మునుపు చదువని గద్యభాగము నిచ్చి ప్రశ్నలడుగుదురు, లేఖ వ్రాయుమందురు. అచ్చట కంఠస్థము చేసిన సమాధానము పనికి రాదు. తెలిసిన పాఠములోనైనను ప్రశ్న కొంచెము మారినచో, అర్థ మెఱుగని విద్యార్థి కలము కదలదు.

ఇక భాష యెట్లు అలవడునో చూతము. సి. పి. బ్రౌను దొర 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, ఉద్యోగ నియమము ననుసరించి తెలుగు నేర్చి, 1820లో కడప చేరెను. ఆయన ఉద్యోగమునకు వలసినంత తెలుగుతో ఆగలేదు. వేమన పద్యముల ప్రతులు సేకరించి, పండితుల నడిగి అర్థము తెలిసికొని, 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును వెలువరించెను. వేమన సమాధి గలదని ప్రజలు చెప్పుకొను కటారుపల్లె మన పొరుగున కదిరి ప్రాంతముననే యున్నది. మన పద్యముల మూలమున ఒక యాంగ్లేయుడు మన భాష నేర్చినట్లే, వారి కథల మూలమున మనము వారి భాష నేర్వవచ్చును.

“అంతటి వ్యవధి మాకెక్కడిది?” అని మీరడుగవచ్చును. మార్చిలో మొదలిడినచో వ్యవధి లేదు, నిజమే. దుక్కి దున్నని చేనిలో విత్తనము చల్లి ఫలమేమి? కాని ఎనిమిదవ తరగతి చదువు మీకు ఇంకను రెండేండ్లున్నవి. దినమునకు పది పంక్తులు బిగ్గరగా చదువుడు. తెలియని మాటను నిఘంటువులో వెదకుడు. చదివిన దానిని ఇంటిలో తెలుగున చెప్పుడు. పిమ్మట మూడు చిన్న వాక్యములలో ఆంగ్లమున వ్రాసి, ఉపాధ్యాయునిచే దిద్దించుకొనుడు. తప్పులకు సిగ్గుపడవలదు. గైడును పాఱవేయ నక్కఱలేదు. మీరు వ్రాసిన పిదప సరిచూచుకొనుటకు దానిని తెఱవుడు.

పట్టణమున ఆసుపత్రివా రాంగ్లమున వ్రాసియిచ్చిన కాగితమును మీ తండ్రి మీ చేతికిచ్చి “ఇందేమున్నది నాయనా?” అని యడుగు దినము రావచ్చును. ఆనాడు గైడు వెంట నుండదు. నేర్చిన భాష యుండును.