ఇల్లు తిరిగి ఇవ్వని శాంతి

బోస్నియా తూర్పు భాగంలో, ద్రీనా నదికి సమీపంలో, కోన్యెవిచ్ పోల్యె అనే చిన్న గ్రామం ఉంది. స్రెబ్రెనిత్సా మారణకాండలో భర్తను, ఇరవైమందికి పైగా బంధువులను పోగొట్టుకున్న ఒక ముస్లిం వితంతువు యుద్ధానంతరం ఆ గ్రామంలోని తన ఇంటికి తిరిగి వచ్చింది. వచ్చి చూస్తే ఆమె పెరటి నేలలో ఒక చర్చి నిలబడి ఉంది. ఆమె నిర్వాసితగా ఉన్న కాలంలో, ఆమె అనుమతి లేకుండా, 1998లో దానిని కట్టారు. ఆ నేల ఆమెదేనని అధికారులు తీర్పు చెప్పారు గాని చర్చిని కదిలించలేదు. స్థానిక న్యాయస్థానాల మెట్లన్నీ ఎక్కి దిగిన తరువాత 2019 అక్టోబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దానిని మూడు నెలల్లో తొలగించాలని ఆదేశించింది. ఆ మూడు నెలలూ గడిచి, మరో ఏడాదికి పైగా గడిచి, 2021 జూన్‌లో అది తొలగింది.

చర్చిపై మాకు ఏ ద్వేషమూ లేదు. ఒకరి ప్రార్థనాస్థలాన్ని మరొకరి గాయంపై నిలబెట్టడాన్నే మేము ప్రశ్నిస్తున్నాము. చర్చి స్థానంలో మసీదు, వితంతువు స్థానంలో ఒక సెర్బు స్త్రీ ఉన్నా మా మాట మారదు.

బోస్నియాను శాంతిస్థాపనకు నమూనాగా చూపేవారు నేడు చాలామంది ఉన్నారు. 1995 తరువాత అక్కడ యుద్ధం లేదు, తుపాకులు మౌనం వహించాయి, ఇక ఫిర్యాదు దేనికని వారు అడుగుతారు. తుపాకులు మౌనం వహించడం చిన్న విషయమని మేము అనము. సుమారు లక్షమంది మరణించి, జనాభాలో సగంమంది ఇళ్లు విడిచిన దేశానికి ఆ మౌనం విలువ తెలుసు. అయితే ఎవరిని ఏ ఊరినుండి తరిమివేయాలని యుద్ధం చేశారో, వారిని ఆ ఊరికి చేర్చకుండా కాల్పులు మాత్రమే ఆపితే తరిమినవాడు గీసిన పటమే శాశ్వత పటం అవుతుంది. మా అభియోగం ఇదే.

మొదట శాంతిసేన సంగతి. 1992లో నియమితమైన ఐక్యరాజ్యసమితి రక్షణ దళానికి తొలి సేనాధిపతి మన దేశానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్. ఆ దళం ఆహారం చేరవేయడానికి వెళ్లింది. ఊచకోత ఆపడానికి కాదు. 1991 నాటి ఆయుధ నిషేధం అందరికీ సమానమని చెప్పారు గాని, పాత యుగోస్లావ్ సైన్యపు ఫిరంగులు అప్పటికే ఒక పక్షం చేతిలో ఉన్నాయి. ఇంటికి నిప్పంటుకున్నవాడికీ అగ్గిపెట్టె పట్టుకున్నవాడికీ ఒకే నిబంధన వర్తింపజేయడం ఎటువంటి సమానత్వం?

1993 ఏప్రిల్‌లో భద్రతా మండలి స్రెబ్రెనిత్సాను ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. మే నెలలో సారయేవో, తూజ్లా, జేపా, గొరాజ్దె, బిహాచ్ ఆ జాబితాలో చేరాయి. వీటిని కాపాడడానికి సుమారు 34,000 మంది సైనికులు కావాలని సేనాధికారులు కోరారు. మండలి 7,600 మందితో సరిపెట్టింది. మాట ఇవ్వడానికి ముందుకు వచ్చిన దేశాలు మనుషులను ఇవ్వడానికి వెనుకాడాయి. ఆ పేరును నమ్మి చుట్టుపక్కల గ్రామాల ప్రజలు వేలాదిగా ఆ పట్టణంలో తలదాచుకున్నారు. 1995 జూలై 11న అది కూలింది. డచ్చి సైనికుల కళ్లముందే మగవారిని, బాలురను స్త్రీలనుండి వేరుచేశారు. ఎనిమిది వేలమందికి పైగా హతులయ్యారు. తరువాత హంతకులు యంత్రాలతో సమాధులను తవ్వి ఎముకలను వేరే గుంతలకు తరలించారు. ఒకే మనిషి అవశేషాలు రెండు మూడు చోట్ల దొరికిన సందర్భాలు ఉన్నాయి. ఒక తల్లి తన బిడ్డ జనాజాను ఎన్ని ఎముకలు దొరికాక చేయాలో తానే నిర్ణయించుకోవలసి వచ్చింది.

నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు 2019లో 350 మంది మరణాల విషయంలో తమ దేశపు బాధ్యతను పది శాతంగా లెక్కగట్టింది. ఈ శాతాల గణితాన్ని ఆ కుటుంబాలకు ఎవరు వివరించగలరో మాకు తెలియదు.

ఇక డేటన్ ఒప్పందం. 1995 డిసెంబరులో సంతకాలైన ఈ ఒప్పందంలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఏడవ అనుబంధం ప్రతి నిర్వాసితుడికీ తన సొంత ఇంటికి తిరిగివెళ్లే హక్కు ఇచ్చింది. మిగిలిన ఒప్పందమేమో దేశాన్ని 51, 49 శాతాలుగా చీల్చి, చీల్చినవారి చేతికే పోలీసును, బడిని, భూమి కచేరీని అప్పగించింది. మొదటి మాట నెరవేరాలంటే రెండవ మాటను లొంగదీయాలి. నాటో నాయకత్వాన అరవై వేలమంది సైనికులు దిగారు గాని, తొలి ఏళ్లలో వారు గీతను కాపాడారు, గీత దాటి ఇంటికి వెళ్లేవాడిని కాపాడలేదు. రాదొవాన్ కరాజిచ్ 2008 వరకు, రాత్కో మ్లాదిచ్ 2011 వరకు పట్టుబడలేదు. 1996 ఆరంభంలో సారయేవో శివార్లు చేతులు మారినప్పుడు అరవై వేలకు అటూ ఇటూగా సెర్బులు తమ ఇళ్లు విడిచి వెళ్లారు. సొంత నాయకుల ఒత్తిడి కొంత, ప్రతీకార భయం కొంత. శాంతిసేన చూస్తూ నిలబడింది. వారి నిర్వాసనం కూడా అన్యాయమేనని చెప్పనివాడికి స్రెబ్రెనిత్సా పేరు ఎత్తే అర్హత లేదు.

సాధ్యం కాక చేయలేదని వాదించేవారికి రెండు సమాధానాలు ఉన్నాయి. ఒకటి, వాహనాల నంబరు పలక. యుద్ధం తరువాత పలక చూడగానే ఆ వాహనం ఏ వైపుదో తెలిసిపోయేది. అవతలి వైపుకు వెళ్లే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. 1998లో దేశమంతటికీ ఒకే రకం పలకలు వచ్చాయి. లాటిన్, సిరిలిక్ లిపులు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న అక్షరాలనే వాటిపై వాడారు. ఒక రేకు ముక్క చేసిన పనిని అరవై వేల తుపాకులు చేయలేకపోయాయి. రెండు, ఆస్తి చట్టం. ఇళ్లు తిరిగి ఇవ్వకుండా అడ్డుపడిన 22 మంది అధికారులను 1999 నవంబరులో అంతర్జాతీయ ఉన్నత ప్రతినిధి ఒక్కరోజున పదవులనుండి తొలగించారు. అటుపై దస్త్రాలు కదిలాయి. కొద్ది సంవత్సరాలలో రెండు లక్షలకు పైగా దరఖాస్తులలో తొంభై శాతానికి మించి పరిష్కారమయ్యాయి. 2004 నాటికి తిరిగి వచ్చినవారి సంఖ్య పది లక్షలు దాటిందని శరణార్థుల సంస్థ ప్రకటించింది. అయితే అందులో సగానికి తక్కువమందే తాము అల్పసంఖ్యాకులుగా ఉండవలసిన ఊళ్లకు వెళ్లినవారు. చాలామంది తాళంచెవి తీసుకున్నారు, ఇల్లు అమ్మివేశారు.

ఎందుకు అమ్మారు? జవాబు కోసం మళ్లీ కోన్యెవిచ్ పోల్యెకే వెళ్లాలి. 2013లో ఆ గ్రామపు ముస్లిం తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. తమ భాషను బోస్నియన్ అని పిలవాలని, తమ చరిత్ర తమకు బోధించాలని వారు కోరారు. అధికారులు వినలేదు. పిల్లలను వెంటబెట్టుకుని సారయేవో వెళ్లి, ఉన్నత ప్రతినిధి కార్యాలయం ఎదుట చలిలో గుడారాలు వేసుకున్నారు. ఇంటి పట్టా చేతికి వచ్చినా, బిడ్డ తన భాష పేరు బడిలో పలకలేని ఊరిలో ఏ తండ్రి నిలుస్తాడు?

దీని రెండవ ముఖం క్రొయేట్లు, బోస్నియాక్‌లు కలిసి ఉన్న ప్రాంతాలలో కనిపిస్తుంది. అక్కడ ‘ఒకే కప్పు కింద రెండు బడులు’ నడుస్తున్నాయి: ఒకే భవనం, వేరు ద్వారాలు, వేరు పాఠ్యపుస్తకాలు. 2018లో యూరప్ భద్రతా సహకార సంస్థ ఇటువంటివి 56 ఉన్నాయని లెక్క చెప్పింది. సమాఖ్య సుప్రీంకోర్టు 2014లోనే ఇది వివక్ష అని తీర్పు ఇచ్చింది. యాయ్‌త్సె పట్టణంలో పిల్లలను జాతి వారీగా మరొక బడికి విడదీయబోయినప్పుడు రెండు పక్షాల విద్యార్థులూ కలిసి వీధికెక్కి 2017లో ఆ ప్రతిపాదనను వెనక్కు కొట్టించారు. పెద్దలు చేయవలసిన పని పిల్లలు చేశారు.

మరి బ్రచ్కో? యుద్ధంలో అందరికంటే ఎక్కువగా కొట్టుకున్న పట్టణాలలో అది ఒకటి. 1999 మధ్యవర్తిత్వ తీర్పు దానిని ఎవరి వాటాలోనూ కలపకుండా ఉమ్మడి జిల్లాగా చేసింది. పోలీసు, న్యాయస్థానం, చివరకు బడి కూడా ఉమ్మడివి అయ్యాయి. అక్కడ స్వర్గం దిగిరాలేదు. లంచగొండితనం కూడా ఉంది. కాని పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు.

ఇంత దూరపు కథ మనకెందుకని అడిగే పాఠకులకు ఒక మాట. 2013లో ముజఫర్‌నగర్ అల్లర్ల తరువాత యాభై వేలకు పైగా ముస్లింలు ఊళ్లు విడిచి శిబిరాలకు చేరారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం తొమ్మిది గ్రామాల కుటుంబాలకు అయిదేసి లక్షల రూపాయలు ప్రకటించింది. మళ్లీ ఆ ఊరికి వెళ్లబోమని అఫిడవిట్ రాసివ్వాలనే షరతు పెట్టింది. డేటన్ ఒప్పందం కనీసం కాగితంమీదనైనా తిరిగివెళ్లే హక్కు ఇచ్చింది. మన దగ్గర ఆ హక్కును వదులుకోవడానికి ధర కట్టారు. ఆ రోజు ఆ షరతును ఖండిస్తూ మన సంఘాలలో ఎన్ని తీర్మానాలు చేశాయి?

2024లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 84 ఓట్లతో, 19 వ్యతిరేక ఓట్లతో, 68 తటస్థ ఓట్లతో జూలై 11ను స్రెబ్రెనిత్సా స్మారక దినంగా ప్రకటించింది. ఆ రోజున సభలు జరుపుకునే సంఘాలు మన రాష్ట్రాలలోనూ ఉన్నాయి. షహీదుల కోసం దుఆ చేయండి. ఆ వెంటనే, అదే వేదికపైనుండి, ముజఫర్‌నగర్ అఫిడవిట్లు చెల్లవని, తిరిగి వెళ్లదలచిన ప్రతి కుటుంబానికీ ఇల్లు, రక్షణ, బడి ప్రభుత్వమే సమకూర్చాలని లిఖితపూర్వకంగా కోరండి. ఆ తీర్మానం ప్రతులను మాకు పంపితే ఈ పుటలలో అచ్చువేస్తాము.