అయిదు ఆఠీన్లా, డబులా?

మనం నాలుగు ఆఠీన్లు పాడి, ఆట చేతికొచ్చిందని కాస్త సర్దుకుని కూర్చునేలోగా అవతలివాళ్లు నాలుగు ఇస్పేట్లు అంటారు. మన పాట లాక్కుపోయారన్న ఉక్రోషంలో నోటికి మొదట వచ్చేది "అయిదు ఆఠీన్లు!" బ్రిడ్జిలో మార్కులు నీళ్లలా పోయేది ఇక్కడే.

ఈ చెయ్యి చూడండి. ఇస్పేటు రాజు, 5. ఆఠీను ఆసు, రాణి, 8, 6, 3. డైమను ఆసు, జాకీ, 4. కళావరు రాణి, 7, 2. ఉభయులూ వల్నరబుల్ కారు. మీరు ఒక ఆఠీను అన్నారు. ఎడమచేతి ఆయన ఒక ఇస్పేటు. మీ పార్టనరు మూడు ఆఠీన్లు - అంటే నాలుగు ఆఠీను ముక్కలూ, సుమారు 10 పాయింట్లూ అనుకుందాం. కుడిచేతి ఆయన మూడు ఇస్పేట్లు, మీరు నాలుగు ఆఠీన్లు, ఎడమచేతి ఆయన నాలుగు ఇస్పేట్లు. తక్కిన ఇద్దరూ పాస్. వంతు మీది.

జాఁ రెనే వెర్న్ అనే ఫ్రెంచి ఆయన 1960లలో ఒక లెక్క చెప్పాడు. ఇరుపక్షాల తురుపు ముక్కలూ కూడితే ఎంతో, ఇద్దరూ తమతమ తురుపుతో చేయగల ట్రిక్కులు కూడా మొత్తం సుమారు అంతే. దీన్ని 1992లో లారీ కోహెన్ పుస్తకం ఇంటింటికీ చేర్చింది. మనకు ఆఠీన్లు తొమ్మిది. పార్టనరుకూ రెండే ఇస్పేట్లుంటే, వాళ్లకు తొమ్మిది. మొత్తం 18.

మనం 11 చేయగలిగితే వాళ్లకు ఏడే: అయిదు ఆఠీన్లకు 450, వాళ్లను డబుల్ చేస్తే 500. మనకు 10 అయితే అయిదు ఆఠీన్లు ఒకటి తక్కువ, డబుల్ చేస్తే 300 లాభం. మనకు తొమ్మిదే అయితే, డబుల్ పడ్డ అయిదు ఆఠీన్లకు 300 నష్టం. ఊరుకుంటే వాళ్లే ఒకటి తగ్గుతారు. మనకు ఎనిమిదే అయినా, డబుల్ పడితే పోయేది 500. వాళ్ల ఆట నెగ్గనిస్తే 420. ఎటు తిప్పినా అయిదు ఆఠీన్లు దండగ!

ఇక తేలవలసింది డబులా, పాసా అన్నదే. డబుల్ చేసిన తర్వాత వాళ్లు నెగ్గితే 420 కాస్తా 590 అవుతుంది. మీ ఇస్పేటు రాజును చూసి మురిసిపోకండి. ఆసు బహుశా మీ ఎడమచేతి ఆయన దగ్గరే ఉంటుంది. డమ్మీలోంచి ముక్క వేయించి ఆ రాజును పట్టేస్తాడు. అయినా మన ఇద్దరి చేతుల్లో 26 పాయింట్లున్నాయి, బయట ఆసులు రెండు మీవి. నేను డబులే అంటాను.

అదే డబుల్ పార్టనరు చేసి ఉంటే మాత్రం దాన్ని చెరిపి అయిదు ఆఠీన్లు అనకండి. "నీ మాట నాకు లెక్కలేదు" అన్నట్టే. దంపతులు జోడీగా ఆడే ఇళ్లలో దీని వడ్డీ రాత్రి భోజనాల దాకా వసూలవుతుంది.

ఇప్పుడు ఆ ఇస్పేటు రాజును తీసేసి కళావరు 3 పెట్టండి. పార్టనరుకు రెండు ఇస్పేట్లే ఉంటే వాళ్లకు పదయ్యాయి, మొత్తం 19. మనకు 11 వస్తే 300 బదులు 450. తొమ్మిదే వచ్చినా 420 పోవలసిన చోట 300తో సరి. సరిగ్గా పది వస్తేనే దెబ్బ. ఈ చేతితో నేనైతే అయిదు ఆఠీన్లు అంటాను, పార్టనరు మొహం చూడకుండా.